పుట్టిన ఊరు అనే గడి

మలేసియాలో, ఇపో పట్నంలో మనవాళ్ల గుడి పక్కనున్న హాల్లో మొన్న ఒకాయన నన్ను పట్టుకుని, "మీరు జీవితమంతా రబ్బరు ఎస్టేటు ఆసుపత్రుల్లోనే గడిపారు కదా, ఇప్పుడు ఆ పనిలోకి వస్తున్న పిల్లలకు పనికొచ్చేలా నాలుగు మాటలు రాయండి" అన్నాడు. రాస్తాను. కానీ ఆయన ఆశించినట్టు ఉత్సాహపరిచే మాటలు నా దగ్గర లేవు. ఏ గ్రేడులోకి ఎప్పుడు వెళ్లాను, ఏ దొర మెచ్చుకుని ఏ కాగితం ఇచ్చాడు, ఆ గొడవ చదివేవాళ్లకు అక్కర్లేదు. నిజం చెప్పాలంటే నాకే అక్కర్లేదు. ఒక మనిషి సంగతి మాత్రం రాయకుండా పోతే నాకు నిద్ర పట్టదు.

డ్రెస్సరంటే

మా రోజుల్లో ఈ ఉద్యోగాన్ని డ్రెస్సరు అనేవాళ్లు. పుండు కడిగి గుడ్డ కట్టేవాడని అర్థం. కట్టాను, లెక్కలేనన్ని కట్టాను. తెల్లవారుతూనే కూలీలంతా వరుసగా నిలబడి హాజరు పలికే పెరట్టు దగ్గర నా బల్ల వేసేవాళ్లు. బల్ల మీద జ్వరం మందు. ఒక్కొక్కరి నోట్లో వేసి, మింగేదాకా గొంతు చూడాలి. చూడకపోతే లైన్ల, అంటే కూలీల వరుస ఇళ్ల, వెనక్కి వెళ్లి ఉమ్మేసేవాళ్లు, ఆ చేదు అలాంటిది. ఆ తర్వాత విరేచనాలు, రబ్బరు గీసే కత్తికి తెగిన వేళ్లు, మానని పుళ్లు, పురుళ్లు. తోటలో ఎవరు ఎప్పుడు పుట్టారో, ఎవరు దేనితో పోయారో నాకూ, నా గదిలోని అలమారాకూ తప్ప ఇంకెవరికీ సరిగ్గా తెలియదు.

మాకు దగ్గరి పట్నం తెలుక్ ఇంటాన్‌ను అప్పట్లో తెలుక్ ఆన్సన్ అనేవాళ్లు. అక్కడి నుంచి వారానికొకసారి డాక్టరు వచ్చేవాడు. సిలోన్ తమిళుడు, ముక్కోపి. చేరిన కొత్తలో ఒక గర్భిణి "జ్వరమయ్యా, మూడు రోజులు" అంటే నేను పుస్తకంలో జ్వరం, మూడు రోజులు అని రాసేశాను. డాక్టరు వచ్చి ఆమె కనురెప్ప కిందికి లాగి చూపించాడు. లోపల సున్నం గోడలా తెల్లగా ఉంది. ఒంట్లో రక్తం లేదు. జ్వరం లేనే లేదు. అందరి ముందూ ఆ పుస్తకం నా చేతుల్లోకి విసిరి, "చూసింది రాయి, చెప్పింది రాయకు. చెప్పింది రాయడానికి నువ్వెందుకు, చిలక చాలు" అన్నాడు.

నా ఉద్యోగంలో నాకు దొరికిన చదువంతా ఆ ఒక్క మాటే. దాన్ని థర్మామీటరు దగ్గర ఏనాడూ తప్పలేదు. తప్పిన చోటు వేరే ఉంది.

తాత పెట్టె

మా తోటలో సింహాచలం అని రబ్బరు గీసేవాడుండేవాడు. నాకంటే నాలుగైదేళ్లు చిన్న. పొట్టి మనిషి, గట్టి మనిషి, నోరు ఊరుకునేది కాదు. వాళ్ల తాత అప్పలస్వామి చీపురుపల్లి దగ్గర పల్లె నుంచి ఓడెక్కి వచ్చిన తొలి జట్టులో వాడు. మూడేళ్లు చేసి, నాలుగు రాళ్లు వెనకేసుకుని వెళ్లిపోదామని వచ్చాడు. అందరూ అలాగే వచ్చారు. దూరపు కొండలు నునుపు కదా.

ఆ ముసలాయన మంచం కింద ఒక రేకు పెట్టె ఉండేది. అందులో కట్టని పంచె, తొడగని చొక్కా, పెట్టని తలపాగా. ఊరికి వెళ్లే రోజున కట్టుకోవాలని దాచుకున్నాడు. ఏటా ఎండలో ఆరేసి మళ్లీ మడతపెట్టేవాడు. నేను ఆయన కాలి పుండు కడగడానికి వెళితే పుండు సంగతి వదిలేసి మామిడి చెట్టు సంగతి చెప్పేవాడు. తమ ఇంటి వెనక ఒక మామిడి ఉండేదట, దాని కాయ కొబ్బరికాయంత ఉండేదట. ఆఖరికి ఆ పంచె కట్టే ఆయన్ని మోసుకెళ్లి తోట చివర, అడవి అంచున పాతిపెట్టారు.

ఆయన కొడుకును, యుద్ధంలో మలయాను పట్టుకున్న జపానువాళ్లు సయాం రైలు పనికి తోలుకుపోయారు. తిరిగి రాలేదు. ఆ తరానికి కల కనే తీరికే లేకపోయింది.

మిగిలింది సింహాచలం. వాడు మాట్లాడేదంతా తాత మాటే. "మా ఊరు", "మా మామిడి", "ఎల్లిపోతాము లా, ఇక్కడేటున్నాది". మాట చివరి ఆ "లా" ఒక్కటే ఈ దేశపుది. చేసేది మాత్రం వేరు. లైను వెనక పనస మొక్క నాటాడు. అది కాపుకు రావడానికి ఎన్నేళ్లు పడుతుందో వాడికి తెలుసు. రెండు ఆవుల్ని కట్టాడు. పుట్టబోయే బిడ్డను తెలుక్ ఆన్సన్‌లో ఇంగ్లీషు బడికి పంపుతానని, బస్సు ఎక్కడ ఆగుతుందో ఇప్పుడే చూసి వచ్చానని నాతో అన్నాడు. వెళ్లిపోయేవాడు చేసే పనులా ఇవి? నోట్లో ఉన్నది తాత కల. చేతుల్లో ఉన్నది తన కల. ఆ రెండో దానికి వాడి దగ్గర మాటల్లేవు. మా అందరి దగ్గరా లేవు.

నా సంగతీ చెప్పాలి. మా తాత మేస్త్రీగా వచ్చాడు, మా నాన్న ఆఫీసులో కిరాణి, అంటే గుమాస్తా. మేము ఉండేది పెంకుటింట్లో, వాళ్లు ఉండేది లైన్లలో. ఒకే భాష, ఒకే అమ్మవారు, కానీ వాళ్ల ఇంట్లో నేను మంచినీళ్లు తాగినట్టు గుర్తులేదు.

కార్డుల రోజు

యుద్ధం ముగిసిన మూడేళ్లకు తెల్ల సర్కారు మలయాలో ఎమర్జెన్సీ పెట్టింది. అడవిలోకి తుపాకులు పట్టుకుని వెళ్లిన కమ్యూనిస్టులు ఒక పక్క, వాళ్లను వెతికే సర్కారు ఒక పక్క. మధ్యలో మా తోటలు. పన్నెండేళ్లు నిండిన ప్రతివాడికీ ఫొటోతో కార్డు ఉండాలన్నారు. కార్డులిచ్చేవాళ్లు మా తోటకు వచ్చారు. ఒక మలయ్ అధికారి, ఒక ఫొటో తీసేవాడు, ఇద్దరు పోలీసులు. పెద్ద కిరాణికి తీరికలేదని, అందరి వయసులూ తెలిసినవాణ్ని కదా అని, అడిగి కాగితం నింపే పని నాకు అప్పగించారు.

కాగితంలో పుట్టిన ఊరు అని ఒక గడి ఉంది.

సింహాచలం వంతు వచ్చింది. నూనె రాసుకుని తల దువ్వుకుని వచ్చాడు, ఫొటో అని.

"ఎక్కడ పుట్టినావు రా?"

"విశాపట్నం జిల్లా, సీపురుపల్లి. అదే ఎయ్యండయ్యా."

"అది మీ తాత పుట్టిన ఊరు. నువ్వు ఈ ఆసుపత్రిలోనే పుట్టినావు. పురుళ్ల పుస్తకంలో నీ పేరున్నాది."

"పుడితే పుట్టినాను లా. లైన్లో పుట్టినానని కాయితం మీద రాయించుకుంటే రేపు ఊరెల్లినప్పుడు ఊరోల్లు నవ్వరేటి? నానేటి దిక్కులేనోడినా? తాతకి మాటిచ్చినాను. సీపురుపల్లే ఎయ్యండి."

వాడి వెనక వరుసలో ఉన్నవాళ్లు, "అవునయ్యా, మాకూ మా ఊర్లే రాయండి" అన్నారు. ఇంకెవడో, "ఇక్కడ పుట్టినోల్లకి తుపాకీ ఇచ్చి అడివిలోకి తోల్తారంట" అని పుకారు లేపాడు. దాంతో ఇంక ఎవరూ ఇక్కడ పుట్టలేదు. పురుళ్ల పుస్తకం నా అలమారాలో, ఇరవై అడుగుల దూరంలో ఉంది. జపానువాళ్ల కాలమంతా దాన్ని మైనపుగుడ్డలో చుట్టి, చూరులో దాచి కాపాడినవాణ్ని నేనే. లేచి వెళ్లి తెరిచి చూసి రాస్తే సరిపోయేది. ఎండ మండుతోంది, వరుస పొడుగ్గా ఉంది, వాళ్లు సంతోషంగా చెబుతున్నారు. చెప్పింది చెప్పినట్టు రాసేశాను. మలయ్ అధికారి ఒక్కసారి తలెత్తి, ఇంత చిన్నవాళ్లు కూడా ఇండియాలోనే పుట్టారా అని అడిగాడు. నేను నవ్వాను.

చివర నా కాగితం నేనే నింపుకున్నాను. పుట్టిన ఊరు: తెలుక్ ఆన్సన్. తప్పు లేకుండా, చక్కని దస్తూరితో. ఎందుకలా రాసుకున్నావని ఎవరైనా అడిగితే అది నిజం కాబట్టి అనేవాణ్ని. ఆ నిజం వాళ్లకెందుకు రాయలేదని మాత్రం నన్నెవరూ అడగలేదు. చదువుకున్న వాడికి కాగితం విలువ తెలుసు. తెలిసి కూడా, వాళ్లు కూలీలు, వాళ్లకేం పని పడుతుందిలే అనుకున్నాను. ఇది ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

ఆకులో అన్నం

తర్వాత కంచె వచ్చింది. లైన్ల చుట్టూ ముళ్లకంచె, ఒకటే గేటు, గేటు దగ్గర తనిఖీ. అడవిలో ఉన్నవాళ్లకు తిండి అందకూడదని, తోటలోకి పనికి వెళ్లేవాళ్లు ఒక్క మెతుకు కూడా బయటికి తీసుకెళ్లకూడదన్నారు. పొద్దున్న గంజి తాగి వెళ్లినవాళ్లు మధ్యాహ్నం తిరిగొచ్చేదాకా ఖాళీ కడుపే. కళ్లు తిరిగి చెట్ల మధ్య పడిపోయినవాళ్లను నా దగ్గరికి మోసుకొచ్చేవాళ్లు. నేను మందు ఇచ్చేవాణ్ని. వాళ్లకు కావలసింది మందు కాదు.

కంచె వేసిన ఏడాది పెద్దల అమావాస్యకు ఎవరూ పెద్దలకు పెట్టుకోలేదు. శ్మశానం కంచె అవతల ఉండిపోయింది. మనవాళ్ల పద్ధతి మీకు తెలుసో లేదో, ఆ రోజు చనిపోయిన వాళ్లకు ఇష్టమైనవన్నీ వండి, ఆకులో పెట్టి, సమాధి దగ్గర ఉంచి వస్తారు. కాకి ముట్టుకుంటే పెద్దలు తిన్నట్టు. ఆ ఏడాదే సింహాచలం భార్య పైడమ్మకు ఐదో నెలలో కడుపు పోయింది. నేనే చూశాను. మలేరియా వల్ల పోయింది. లైన్లో ఆడవాళ్లు మాత్రం, పెద్దాయన ఆకలితో ఉన్నాడు, అందుకే పోయిందన్నారు.

మరుసటి ఏడు పైడమ్మకు మళ్లీ కడుపు. అమావాస్య ముందురోజు సింహాచలం నా గదికి వచ్చాడు.

"డ్రెస్సరయ్యా, రేపు పెద్దల అమాస. తాతకి పెట్టుకోవాల."

"బువ్వ బయటికి తీసుకెళ్లకు. పట్టుకుంటే ప్రాణం తీస్తారు. వట్టి చేతులతో ఎల్లి దండం పెట్టుకుని రా."

"ఆకలితో ఉన్న ముసలోడికి దండం పెడితే కడుపు నిండుతాదేటయ్యా? ఒక బిడ్డ పోయింది. ఇదీ పోతే పైడి బతకదు."

"బిడ్డ మలేరియాతో పోయింది రా."

"మీరు సెప్పింది మీ పొస్తకంలో ఉన్నాది లా. మా తాత సెప్పింది మా కాడ ఉన్నాది."

మర్నాడు రబ్బరు పాల బకెట్టులో, తుడిచే గుడ్డల కింద పెట్టుకుని గేటు దాటించాడు. అన్నం, పప్పు, వేపిన ఎండుచేప, ఒక చుట్ట. గీయడం అయ్యాక సమాధి దగ్గర అరిటాకు పరిచి పెట్టి, కాకి కోసం చూస్తూ కూర్చున్నాడట. కాకి కంటే ముందు సిపాయిల గస్తీ వచ్చింది. అడవి అంచున ఆకులో వండిన అన్నం, పక్కన ఒక మనిషి. వాళ్లకు ఇంకేం కావాలి?

ఆఫీసు ముందు చేతులు కట్టి నిలబెట్టారు. నన్ను పిలిచి, వాడు చెప్పేది ఇంగ్లీషులో చెప్పమన్నారు. చెప్పాను. ఈ ఒక్కటి మాత్రం సరిగ్గానే చేశాను. తెల్ల ఆఫీసరు కుర్రవాడు, చెడ్డవాడేం కాదు. "చచ్చిపోయిన మనిషికి అన్నమా? చుట్ట కూడానా?" అని రెండు మూడు సార్లు అడిగాడు. సగం నమ్మాడనే అనుకుంటాను. కానీ చట్టానికి అన్నం అన్నమే, ఎవరి కోసమైనా. తెలుక్ ఆన్సన్ తీసుకెళ్లి లోపల వేశారు.

అలమారా

కొన్ని వారాలకు తెలిసింది. ఇక్కడ పుట్టినవాడైతే కొన్నాళ్లు శిబిరంలో ఉంచి విడిచిపెడతారు. ఇక్కడ పుట్టనివాడైతే ఓడెక్కించి "స్వదేశానికి" పంపేస్తారు. సింహాచలం కార్డు కాగితంలో చీపురుపల్లి అని ఉంది. నా చేతిరాతలో ఉంది.

వాడు లోపలినుంచి మొత్తుకున్నాడట, నేను ఇక్కడే పుట్టాను, డ్రెస్సరును అడగండని. పైడమ్మ ఏడో నెల కడుపుతో ఆఫీసు మెట్ల మీద కూర్చుని అదే మాట చెప్పింది. దాంతో ఆ కుర్ర ఆఫీసరు మళ్లీ మా తోటకు వస్తున్నాడని కబురొచ్చింది.

వచ్చేముందు పెద్ద కిరాణి నన్ను పక్కకు పిలిచాడు. నాకు పై అధికారి, మా నాన్న స్నేహితుడు. చాలా నెమ్మదైన మనిషి. ఆయన ఎవర్నీ తిట్టగా నేను వినలేదు. "కార్డులో ఒకటి, పుస్తకంలో ఒకటి ఉంటే, తప్పు రాసిన చెయ్యి ఎవరిదని అడుగుతారు. రోజులు బాగాలేవు. దొంగ కాగితం రాసి అడవోళ్లకి సాయం చేశావంటే ఏం చెబుతావు? నీకు ముగ్గురు పిల్లలు. సుమ్మా ఇరు" అన్నాడు. తమిళంలో, ఊరికే ఉండు అని. నా ఉద్యోగంలో తిట్టిన డాక్టరు నాకు మేలు చేశాడు, బుజ్జగించిన కిరాణి నన్ను ముంచాడు. పై అధికారుల్ని ఎలా ఎంచాలో తెలియని పిల్లలు ఈ మాట రాసి పెట్టుకోండి. అయినా ఆయన్ని అనడం దేనికి? నోరు నాది.

ఆఫీసరు నా గదికే వచ్చాడు. అలమారాకు వీపు ఆనించి నిలబడ్డాను.

"ఈ ఆసుపత్రిలో పుట్టినవాళ్ల పాత పుస్తకాలు ఏమైనా ఉన్నాయా?"

"జపానువాళ్ల కాలంలో పోయాయి సార్" అన్నాను.

ఆయన ఒక నిమిషం నిలబడ్డాడు. చూడబోతే, ఉన్నాయని చెబితే సంతోషించేవాడిలా ఉన్నాడు. తర్వాత టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. కంచే చేను మేసిందంటారే, ఆ కంచె నేను.

సింహాచలాన్ని పినాంగ్ రేవులో ఓడెక్కించారు. నెలలు నిండిన మనిషిని ఓడ మీదికి రానివ్వరని పైడమ్మను పంపలేదు. "తొందర పడొద్దు, నానే ఒస్తాను" అని ఎవరి ద్వారానో చెప్పి పంపాడు. ఆమె నన్ను ఒకటే అడిగింది: "అయ్యా, సీపురుపల్లి ఎంత దూరమేటి?" నేను ఓడ ప్రయాణం ఎన్ని రోజులో చెప్పాను. "మరి ఆడికి తోవ తెల్దు గదా" అంది.

బిడ్డ క్షేమంగా పుట్టింది. ఆడపిల్ల, లక్ష్మి. పురుళ్ల పుస్తకంలో రాసి, అంతటితో ఊరుకోకుండా, పుట్టుకలు నమోదు చేసే పోలీసు స్టేషనుకు నేనే వెళ్లి, పుట్టిన ఊరు పెద్ద అక్షరాలతో రాయించి వచ్చాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం.

మరుసటి ఏడు వాడి దగ్గర్నుంచి ఒక ఉత్తరం వచ్చింది, ఎవరితోనో రాయించాడు. పైడమ్మకు చదివి వినిపించింది నేనే. "ఈడ అందరూ నన్ను మలయావోడంటన్నారు. నాకు రబ్బరు గీయడం తప్ప పని రాదు, ఈడ రబ్బరు నేదు. నాగలి పట్టుకుంటే నవ్వుతన్నారు. తాత సెప్పిన మామిడి ఎవరూ సూడనేదంట. పనస కాసినాదా? డ్రెస్సరయ్యకి దండాలు. ఆయనకి తెలుసు నాను యాడ పుట్టినానో." ఆ ఆఖరి వాక్యం పైకి చదవలేదు. మింగేశాను. నా రోగులు జ్వరం మందు ఉమ్మేసేవాళ్లు, నేను అది కూడా చేయలేకపోయాను.

మెర్డెకా

స్వాతంత్ర్యం వచ్చింది, మలయ్ మాటలో మెర్డెకా. మెర్డెకా రోజు పొద్దున్న తోట బడి మైదానంలో కొత్త జెండా ఎగరేశారు. పిల్లలకు మిఠాయి పంచారు. అరవై ఏళ్లవాళ్లు కూడా అరుస్తూ గంతులేశారు. నేనూ అరిచాను. అబద్ధం కాదు, నిజంగానే సంతోషం వేసింది. లక్ష్మి చిన్న కాగితం జెండా పట్టుకుని నా ముందు నుంచే పరుగెత్తింది.

తర్వాత పౌరసత్వానికి దరఖాస్తులు మొదలయ్యాయి. ఇక్కడ పుట్టినవాళ్లకు దారి సులువు. నా బల్ల దగ్గర మళ్లీ వరుస. ఆనాడు వాళ్ల వాళ్ల ఊర్లు రాయించుకున్నవాళ్లంతా ఇప్పుడు "ఇక్కడే పుట్టినాను లా, ఈ ఆసుపత్రిలోనే" అంటున్నారు. కల మారింది. పదేళ్ల కిందట లైన్లో పుట్టానంటే నామోషీ, ఇప్పుడు అదే గొప్ప. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

వరుస చివర పైడమ్మ వచ్చింది, పిల్లను చంకన పెట్టుకుని.

"అయ్యా, ఈ దేశం ఇప్పుడు మనదేనంట గదా."

"అవునమ్మా."

"మనదైతే, మన మనిసిని రప్పించరేటి?"

నేను లేచాను. అలమారా తెరిచి, అడుగు అర నుంచి మైనపుగుడ్డ మూట తీశాను. విప్పి, పేజీ తిప్పి, సింహాచలం పేరు మీద వేలు పెట్టాను. ఆమెకు చదువు రాదు. మైనపుగుడ్డను మాత్రం చూసింది.

"ఇదేటయ్యా?"

"పురుళ్ల పుస్తకం. వాడు ఇక్కడే పుట్టినాడని రాసున్నాది."

"ఈ పొస్తకం అప్పుడు యాడున్నాది?"

"ఇక్కడే."

ఆమె అరవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. పెడితే బాగుండునని నాకు ఈనాటికీ అనిపిస్తుంది. చంకలోంచి జారుతున్న పిల్లను పైకి లాక్కుని, "సరి లా. ఇప్పుడైనా రాయండి" అని బయట మెట్ల మీదికి వెళ్లి కూర్చుంది. ఆ రోజు తర్వాత లక్ష్మికి జ్వరమొచ్చినా దగ్గొచ్చినా బస్సెక్కి తెలుక్ ఆన్సన్ తీసుకెళ్లేది గానీ నా దగ్గరికి తేలేదు.

రాశాను. కార్డు కాగితంలో తప్పు రాసింది నేనని, పుస్తకం నా దగ్గరే ఉందని, అడిగితే లేదన్నానని, ప్రమాణం చేసి సంతకం పెట్టాను. కొత్త దొర చదివి, "నీ మీద నువ్వే ఫిర్యాదు రాసుకున్నావే" అన్నాడు. ఉద్యోగం పోతుందని, జైలు తప్పదని నేను సిద్ధపడ్డాను. ఏమీ కాలేదు. ఇకమీదట జాగ్రత్తగా ఉండమని ఒక మందలింపు కాగితం వచ్చింది, అంతే. ఏ భయంతో ఒక మనిషిని సముద్రం దాటించానో, ఆ భయం మొత్తం కలిపి సగం పేజీ. ఇంట్లో దాన్ని చాలాసేపు పట్టుకుని కూర్చున్నాను. మా ఆవిడ భోజనానికి పిలిస్తే ఏడుపు వచ్చింది.

ఉత్తరం

కౌలాలంపూర్ నుంచి జవాబు రావడానికి ఏడాదికి పైనే పట్టింది. కాదనలేదు. దరఖాస్తుదారుడు స్వయంగా సంతకం చేసి, ఫొటో పంపితే పరిశీలిస్తామన్నారు. ఆ కాగితం పట్టుకుని సైకిల్ మీద లైన్లకు వెళ్లి పైడమ్మకు చెప్పాను. ఆమె మొహం ఆ ఒక్క రోజు విప్పారింది. పనసచెట్టు కాపు మీద ఉంది. వాడు వచ్చేదాకా కొయ్యనివ్వనంది.

పాత ఉత్తరం మీదున్న చిరునామాకు ఫారాలు పంపించాను. ఈలోగా ఎమర్జెన్సీ ఎత్తేశారు. ముళ్లకంచె చుట్టచుట్టి లారీలో వేసుకుపోయారు. శ్మశానానికి మళ్లీ తోవ పడింది.

జవాబు నా పేరుతోనే వచ్చింది, ఆ పల్లె బడిపంతులు రాసింది. పైడమ్మను పిలిపించాను. లోపలికి రాలేదు. గడప అవతలే నిలబడింది, లక్ష్మి చెయ్యి పట్టుకుని.

చదివాను. ఈసారి ఏదీ మింగలేదు. మీరు పంపిన కాగితాలు అందాయి, సింహాచలం గత వర్షాకాలంలో విషజ్వరంతో చనిపోయాడు, అతనికి ఇక్కడ సొంతవాళ్లు ఎవరూ లేకపోతే ఊళ్లోవాళ్లమే దహనం చేశాం అని రాశాడు పంతులు. చివర ఇంకో నాలుగు వాక్యాలున్నాయి. "అతను ఈ ఊరివాడినని చెప్పేవాడు గానీ ఇక్కడెవరికీ అతని పుట్టుక తెలియదు. పోయేముందు మాత్రం, నేను మలయాలో పుట్టాను, అదే రాయండని పదేపదే అన్నాడు. మా మునసబుగారు చావుల పుస్తకంలో పేరు పక్కన మలయా వాడు అని రాశారు. తప్పయితే తెలియజేస్తే దిద్దగలరు."

ఈ దేశాన్ని ఏనాడూ చూడని ఒక పల్లెటూరి మునసబు, ఎండలో వరుసలు చూసుకోకుండా, పిల్లల కోసం భయపడకుండా, రాయవలసింది రాశాడు.

నేను సుంగై సుమున్ తోటలో పదవీ విరమణ చేశాను. అప్పటికి లక్ష్మి నర్సు చదువు ముగించి ఇంగ్లండు వెళ్లే ప్రయత్నంలో ఉందని విన్నాను. ముత్తాత కల వెనక్కి వెళ్లడం, తండ్రి కల ఉండిపోవడం, దాని కల మళ్లీ ఓడెక్కడం. వెళ్లనివ్వండి. ఎవరి కల వాళ్లది. మీ బల్ల ముందుకొచ్చి నిలబడినవాళ్లు ఏ కలైనా చెప్పనివ్వండి, వినండి. గడిలో మాత్రం మీరు చూసింది రాయండి. రాశాక ఎవరైనా వచ్చి అడిగితే అలమారా తెరవండి.

ఆ రోజు ఉత్తరం చదవడం అయ్యాక కాగితం మడిచాను. దిద్దమని రాయాలా అని అడగబోయి, ఆగి, కాగితం విప్పి, పంతులు అడిగినదే మళ్లీ చదివాను.

పైడమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"దిద్దక్కర్నేదు, డ్రెస్సరయ్యా" అంది. "ఆల్లు సరిగ్గానే రాసినారు."